ఖనిజము నడచిన దారి: విశాఖపట్టణపు పట్టాలు, కర్మాగారములు

మద్రాసునుండి కలకత్తాకు పోవు బండి విశాఖపట్టణపు స్టేషనులో ఆగినప్పుడు, ఆ దారిన మొదటిసారి ప్రయాణము చేయువారు కొంత విస్మయము చెందుట కలదు. ముందున్న ఇంజనును విప్పి, తోకవైపున వేరొక ఇంజనును తగిలించి, బండిని వచ్చిన దిక్కుననే మరల నడిపింతురు. అంతదనుక ముందుచూపుగా కూర్చున్నవారు అటుపైని వెనుకచూపుగా కూర్చుండి పోవలసివచ్చును. దక్షిణమునుండి అనకాపల్లి, దువ్వాడ, గోపాలపట్నముల మీదుగా వచ్చు దారియు, ఉత్తరమునుండి విజయనగరము, కొత్తవలస, పెందుర్తుల మీదుగా దిగు దారియు సింహాచలపు కొండల చెంత కలిసికొని, మర్రిపాలెము, కంచరపాలెముల ప్రక్కగా సముద్రపుదిక్కునకు మరలుటచేత ఈ యేర్పాటు తప్పనిసరి యైనది. ఊరిలోనికి రాదలచని గూడ్సు బండ్లకును, కొన్ని ప్రయాణికుల బండ్లకును దువ్వాడనుండి ఉత్తర సింహాచలమునకు అడ్డదారి యొకటి కలదు గనుక, అవి విశాఖను చూడకుండగనే దాటిపోవుచుండును.

ప్రయాణికునికి స్టేషనుతో దారి ముగియును గాని సరుకునకు ముగియదు. పట్టాలు యార్డులగుండ పాయలు పాయలుగా చీలి, కొన్ని రేవుగట్లకు, కొన్ని నూనెశుద్ధి కర్మాగారమునకు, కొన్ని ఖనిజపు గుట్టలకు పోవుచున్నవి. ఆ పాయలలో ఏది ఎప్పుడు వేసిరి, ఎవరికొరకు వేసిరి, దానిమీద ఏమి పోయినది, ఏమి వచ్చినది అని విచారించినచో ఈ నగరపు నూటముప్పదియేండ్ల చరిత్ర తెలియవచ్చును. ఇచ్చటి పట్టాలలో అధికభాగము నేలలోని ఖనిజమును ఓడకు చేర్చుటకై పరచినవే. ఆ ఖనిజము ఓడ యెక్కకమునుపే దానిని ఇచ్చటనే ఆపి వస్తువుగా మార్చవలెనని ఈ ప్రాంతపు ప్రజలు పట్టిన పట్టుదలయే విశాఖ పారిశ్రామిక చరిత్రకు ప్రాణమని నా తలంపు.

రైలునకు పూర్వము ఈ ఊరు చేతిపనికి పేరుగాంచినది. ఈస్టిండియా కంపెనీవారు 1682లో ఇచ్చట వర్తకశాలను నెలకొల్పి, చుట్టుపట్ల పల్లెలలో నేసిన నూలుబట్టలను కొని సీమకు పంపుచుండిరి. పదునెనిమిదవ శతాబ్దమున ఇచ్చటి కంసాలుల దంతపుపని దొరల యిండ్లలో ప్రవేశించినది. గంధపుచెక్కతోను, నల్లని చేవకఱ్ఱతోను పెట్టెలు, బల్లలు, కుర్చీలు సిద్ధముచేసి, వానిపై పలుచని ఏనుగుదంతపు పలకలను తాపి, ఆ పలకలమీద వాడిమొనగల పనిముట్టుతో తీగెలను, పువ్వులను, భవనములను గీసి, గీసిన గాట్లలో నల్లని లక్కను కరగించి నింపి, పైకి పొంగిన లక్కను తుడిచి నునుపుచేయుట వారి పద్ధతి. అట్లు చేయగా తెల్లని దంతముపై చిత్రము అచ్చువేసినంత స్ఫుటముగా తేలును. తాబేటిచిప్ప, దున్నపోతుకొమ్ము, ఏదుముల్లు కూడ వారి చేతిలో అలంకారములైనవి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో నేటికిని విశాఖపట్టణపు దంతపు పెట్టెలు భద్రముగా నున్నవి. ఒక విషయము నిచ్చట గుర్తింపవలెను: ఆ కాలమున దంతమును, గంధమును ఊరిలోనికి వచ్చి, పనివాని చేతిమీదుగా వెలహెచ్చి, వస్తువై బయటికి పోవుచుండెను. రైలు వచ్చిన పిమ్మట చాలకాలము ఈ క్రమము తలక్రిందులైనది.

ఈస్టు కోస్టు స్టేటు రైల్వేవారు 1893 మొదలు 1896 వరకు బెజవాడకును కటకమునకును నడుమ దారి వేసిరి. రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై వంతెన 1900లో పూర్తియగునంతవరకు మద్రాసు కలకత్తాల నడుమ ఏకధారగా బండి నడచుటకు వీలు లేకుండెను. అది పూర్తియైన మరుసటి యేడే, అనగా 1901లో, దక్షిణభాగమును మద్రాసు రైల్వేకును, 1902లో ఉత్తరభాగమును బెంగాలు నాగపూరు రైల్వేకును అప్పగించిరి. ఆ రెంటికిని సరిహద్దు వాల్తేరు, అనగా నేటి విశాఖపట్టణపు స్టేషను. ఇటువైపు కంపెనీ మద్రాసునుండియు, అటువైపు కంపెనీ కలకత్తాలోని గార్డెన్ రీచి నుండియు ఏలుచుండగా, రెండు దొరతనముల పొలిమేరయందు ఈ స్టేషను నిలిచినది. పొలిమేర యూరికి ఒక మేలును ఒక కీడును కలవు. ఇంజను మార్పు, సిబ్బంది మార్పు ఇచ్చట జరుగుటచే డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గార్డులు, ఫిట్టర్లు కుటుంబములతో వచ్చి స్థిరపడి, దొండపర్తినుండి కంచరపాలెమువరకు రైల్వే కాలనీలు వెలసినవి. ఆంగ్లో-ఇండియనులు, వంగీయులు, ఒడ్రులు, తెలుగువారు ఒకే కూతకు లేచి ఒకే కూతకు పనిదిగు జీవనమునకు అలవడిరి. అది మేలు. ఇక ఈ దారిని గూర్చిన నిర్ణయములన్నియు ఎక్కడనో దూరపు నగరములలో జరుగుట కీడు; అది కంపెనీలతో పోలేదు. 1955లో ఆగ్నేయ రైల్వేలోను, 2003లో భువనేశ్వరము కేంద్రముగా నేర్పడిన తూర్పుతీర రైల్వేలోను ఈ విభాగము ఒక అంచుగనే యుండెను. స్టేషనునకు వాల్తేరు అను పేరు 1987 వరకు చెల్లినది. అప్పుడు విశాఖపట్టణమని మార్చిరి.

దారిపని మొదలగుటకు ఒక యేడు ముందే ఖనిజపు కథ మొదలైనది. భారతదేశమున మాంగనీసు త్రవ్వకము ప్రారంభమైనది అప్పటి విశాఖ మండలములోనే, చీపురుపల్లి గరివిడి ప్రాంతమందలి కోడూరు గనులలో, 1892లో. ఉక్కును గట్టిపరచుటకు మాంగనీసు కావలెను. ఉక్కు చేయు కొలుములు ఐరోపాలో నుండెను. కావున నల్లని రాయి రైలెక్కి, ఓడయెక్కి పోవలసినదే. ఆ ప్రాంతముననే గోగునారతో గోనెలు నేయు మిల్లులు వెలసినవి. భీమునిపట్నముచెంత చిట్టివలస జనపనార మిల్లు 1867 నాటిది. విజయనగరము దాటిన పిమ్మట రైలు కిటికీనుండి కనబడు నెల్లిమర్ల మిల్లు అటు తరువాతిది. గోగునారకు విదేశపు అంగళ్ళలో బిమ్లీ జూటు అను పేరు భీమునిపట్నపు రేవువలననే కలిగినది. చేనిలోని కట్టె నానవేసి, నార తీసి, మిల్లులో వడికి గోనెసంచిగా మార్చు పని ఈ నేలమీదనే జరుగుటచేత ఆ మిల్లులకు ఈ చరిత్రయందు ప్రత్యేకస్థానము కలదు. చిట్టివలస మిల్లు 2009లో మూతపడినది. మరియొక ముచ్చటయు చెప్పవలసియున్నది: నౌపడానుండి పర్లాకిమిడికి రాజావారు తమ ధనముతో రెండున్నర అడుగుల వెడల్పుగల చిన్నపట్టాలు వేయించి 1900లో బండి నడిపించిరి. ఖనిజముగాని, రేవుగాని లేని ఆ దారి కేవలము ఊరిని ఊరితో కలుపుటకు వేసినది. ఈ చుట్టుపట్ల అట్టి ఉద్దేశముతో వేసిన దారులు మిక్కిలి తక్కువ.

రేవు కట్టకమునుపు ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసికొని యుండగా, కొబ్బరిత్రాళ్ళతో పలకలను కుట్టిన మసూలా పడవలలో సరుకును అలలమీదుగా చేరవేయుచుండిరి. పట్టణమునకు నైరుతిభాగమున యారాడ కొండ సముద్రములోనికి ముక్కువలె చొచ్చుకొనిపోయి, దాని వెనుక మేఘాద్రిగెడ్డ మున్నగు గెడ్డల నీరు చేరి ఉప్పుటేరును విశాలమైన రొంపినేలయు ఏర్పడియుండెను. తుపానుగాలికి కొండయే అడ్డు. రొంపిని త్రవ్వినచో లోతైన నీరు లభించును. బ్రిటిషు నౌకాదళ శాఖకు చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ ఇచ్చట రేవు కట్టవచ్చునని చేసిన ప్రతిపాదన మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాతనే ప్రభుత్వాంగీకారము పొందినది. కట్టినవారు బెంగాలు నాగపూరు రైల్వేవారు. రైలు కంపెనీ రేవు కట్టుటయేమి యని యెవరైన నడుగవచ్చును. మధ్యపరగణాల మాంగనీసు బొంబాయికో, కలకత్తాకో సుదూరము పోవలసివచ్చుట వారికి ఇష్టము లేకుండెను. పార్వతీపురముదాక 1909 ప్రాంతమునకే వేసియున్న దారిని, తూర్పు కనుమలను దాటించి రాయపూరునకు కలుపుటతో 1931లో ఆ పని నెరవేరినది. ఖనిజపు దారియు, దాని తుదనున్న రేవును ఒకే చేతిలో నుండవలెనన్నది వారి తంత్రము.

1927 మొదలు 1933 వరకు రేవుపని సాగి, 378 లక్షల రూపాయలు వ్యయమైనవి. కొండకును ఊరికిని నడుమ సన్నని కాలువను లోతుచేసి, లోపల ఓడ తిరుగుటకు గుండ్రని మడుగును, దానినుండి చేతులవలె సాగిన పాయలను త్రవ్విరి. ఇచ్చట ఇంజనీర్లకు ఇసుకతో పెద్ద తగవు వచ్చినది. ఈ తీరమున ఇసుక యేడాదిలో అధికకాలము దక్షిణమునుండి ఉత్తరమునకు నడచుచుండును. కాలువనోటివద్దకు రాగానే అది క్రుంగి, పూడ్చును. అందుచే కాలముచెల్లిన ఓడలు రెంటిని నోటికి దక్షిణముగా సముద్రములో ముంచి అడ్డుకట్టగా నిలిపి, ఆ చాటున ఇసుకను ఆపి, త్రవ్వుయంత్రముతో తోడి కాలువకు అవతల ఉత్తరపుగట్టున పోయుచుండిరి. ఆ ఇసుక చేరకున్నచో పట్టణపు సముద్రతీరము కోతకు గురియగును. రామకృష్ణా బీచిలో షికారు చేయువారి కాలిక్రింది ఇసుకకును ఓడరేవునకును ఇట్టి సంబంధము కలదు. 1933 అక్టోబరు 7వ తేదీన సింధియా కంపెనీవారి జలదుర్గ యను ఓడ మొట్టమొదట లోనికి ప్రవేశించెను. డిసెంబరు 19వ తేదీన రాజప్రతినిధి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా తెరచెను. ఓడ ఆ ఇరుకుకాలువలో మెల్లగా లోనికి వచ్చునపుడు ఊరివైపున మూడు మిట్టలు వరుసగా కానవచ్చును: ఒకదానిపై వెంకటేశ్వరుని గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. సముద్రముమీదికి పోవు కళాసీలు మూటికిని మ్రొక్కుట ఇచ్చటి వాడుక.

1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు రేవుమీద బాంబులు వేసినవి. ఊరిలో సగము ఖాళీయై, జనులు మూటాముల్లె సర్దుకొని పల్లెలకు తరలిపోయిరి. కట్టి తొమ్మిదేండ్లయిన కాకమునుపే రేవు శత్రువుల కంట పడుటనుబట్టి దాని ప్రాముఖ్యము ఎంత త్వరగా హెచ్చినదో గ్రహింపవచ్చును.

ఆ బాంబుల సమయమునకు రేవుగట్టున ఒక కొత్త పని మొదలుపెట్టబడియుండెను. సింధియా కంపెనీకి మూలపురుషుడైన వాల్‌చంద్ హీరాచంద్ స్వదేశమున ఉక్కు ఓడలు కట్టవలెనని చిరకాలముగా తపించి, పరపాలకుల ఆదరణ కొరవడినను వెనుదీయక, విశాఖపట్టణమున స్థలము సంపాదించెను. 1941 జూను 21న బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసిరి. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948 మార్చి 14న, జవాహరులాలు నెహ్రూ చేతులమీదుగా జల ఉష యను ఎనిమిదివేల టన్నుల ఓడ జలప్రవేశము చేసెను. స్వతంత్రభారతమున కట్టిన మొదటి పెద్ద ఉక్కు ఓడ యది. తీరాంధ్రులకు ఓడపని క్రొత్త కాదు. కోరంగిలోను, నరసాపురములోను తెరచాప ఓడలు కట్టిన వడ్రంగుల కీర్తి పాతది. అయితే కఱ్ఱకు బదులు ఉక్కుపలక, చీలకు బదులు రివెట్టు, ఆ పిమ్మట వెల్డింగు వచ్చినవి. 1952లో ప్రభుత్వము మూడింట రెండుపాళ్ళు తీసికొని హిందూస్థాన్ షిప్‌యార్డు అను పేరిట సంస్థను మార్చెను. 1961లో పూర్తిగా స్వాధీనపరచుకొనెను. 2010లో అది రక్షణశాఖ క్రిందికి పోయెను. కంపెనీ పోయి డెబ్బదియేండ్లయినను ఆ పేటను నేటికిని జనులు సింధియా యనియే పిలుచుచున్నారు. సిటీబస్సు కండక్టరు కూడ ఆ పేరే కేకవేయును.

1957 మొదలు ఇరువదియేండ్లలో వచ్చిన కర్మాగారములను ముక్తసరిగా చెప్పి ముందునకు పోయెదను. 1957లో కాల్‌టెక్స్ నూనెశుద్ధి కర్మాగారము మొదలై, తరువాత జాతీయమై హిందూస్థాన్ పెట్రోలియములో కలిసినది. చెకొస్లోవేకియా సహాయముతో బరువైన లోహపాత్రలు చేయు భారత్ హెవీ ప్లేట్ అండ్ వెస్సెల్స్ 1966లోను, కోరమాండలు ఎరువుల కర్మాగారము 1967లోను, హిందూస్థాన్ జింకు 1977లోను నెలకొన్నవి. జింకు కొలిమి 2012లో ఆరిపోయినది. 1965లో మర్రిపాలెమువైపున డీజిలు ఇంజనుల షెడ్డు వెలసి, దేశములోని పెద్ద షెడ్లలో నొకటిగా పెరిగినది. ఆ సంవత్సరమునకు కారణము కలదు. కొండలలో అప్పటికి వేయుచున్న దారికి ఇంజనులు సిద్ధపరుపవలసియుండెను.

ఆ దారి కొత్తవలసనుండి కిరండూల్ వరకు పోవునది. రైల్వేవారు దానిని కె.కె. లైను అందురు. యుద్ధానంతరము జపానులో ఉక్కు కొలుములు తిరిగి రాజుకొనుచుండగా వారికి ఇనుపఖనిజము కావలసివచ్చెను. బస్తరు అడవులలోని బైలదిల్లా కొండలలో ఉత్తమజాతి ఖనిజము గుట్టలుగా నుండెను గాని దానిని సముద్రమునకు చేర్చు దారి లేకుండెను. 1960లో జపాను ఉక్కువర్తకులతో ఒడంబడిక కుదిరి, దాని ఫలితముగా దండకారణ్య, బొలంగీరు, కిరిబురు అను మూడు ప్రాంతముల పేర్లతో డి.బి.కె. ప్రాజెక్టు ఏర్పడెను. అందలి దండకారణ్యపు భాగమే ఈ దారి. దీని పొడవు 446 కిలోమీటర్లు, సొరంగములు 58, పెద్ద వంతెనలు 84, వ్యయము 55 కోట్ల రూపాయలు. 1966-67 నాటికి ఖనిజము దిగుట మొదలైనది.

శృంగవరపుకోట వరకు మామిడి, జీడిమామిడి తోటలనడుమ పోవు బండి బొడ్డవర దాటి శివలింగపురము చేరునప్పటికి కొండను ఎక్కుటకు ఉపక్రమించును. అటుపైని త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస. స్టేషనుకు స్టేషనుకు నడుమ చీకటిసొరంగము, వెలుగు, లోయ, మరల చీకటి. క్రింద లోయలో ఇంతకుముందు మనము వచ్చిన పట్టా మెలికతిరిగి కనబడును. దొర్లివచ్చు రాళ్ళనుండి కాపాడుటకై కొండదరుల ప్రక్కన గోడలు కట్టియున్నారు. వానకాలమున గ్యాంగుమన్లు లాంతరు పట్టుకొని ఆ దరులవెంట రాత్రియెల్ల నడచి చూచుచుందురు. చిన్న స్టేషనులలో ఆదివాసి స్త్రీలు ఋతువునుబట్టి పనసతొనలు, సీతాఫలములు ఆకుదొన్నెలలో పెట్టి తెచ్చుదురు. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996.32 మీటర్ల యెత్తున కలదు. కాశ్మీరములో దారి వచ్చునంతవరకు దేశములోని బ్రాడుగేజి స్టేషనులలో దానిదే అత్యున్నతస్థానము. అచ్చటనుండి అరకు లోయ దగ్గరే. 2017లో అద్దపు పైకప్పుగల విస్టాడోము పెట్టెను ఈ బండికి తగిలించిరి. అరకునకు పోవు సందర్శకులు నేడు ఆ పెట్టెలోని గాజుగుండ కొండలను చూచి మురియుచున్నారు. వారి ఆనందమునకు నేను సంతోషించుచున్నాను. కాని ఏదేని స్టేషనులో ప్రయాణికుల బండిని ప్రక్కలైనులో నిలిపినప్పుడు, కిటికీనుండి తొంగి ప్రధానమైన పట్టామీద పోవు ఖనిజపు బండిని చూడుడని వారికి మనవి. ఎఱ్ఱధూళి కమ్మిన వ్యాగనులు ఒకదానివెంట నొకటి ముగియనట్లు సాగును. ఈ దారి వానిది.

ఎక్కునప్పుడు ఖాళీ వ్యాగనులు, దిగునప్పుడు నిండు వ్యాగనులు. కావున ఈ కనుమలో కష్టమంతయు దిగుటయందే. వేలటన్నుల బరువు వెనుకనుండి నెట్టుచుండగా వేగమును అదుపులో నుంచుట డ్రైవరునకు పరీక్ష. బ్రేకుల పరీక్ష చేయక బండిని ఘాటులోనికి విడువరు. 1980లలో దారిని విద్యుదీకరించినపిమ్మట శ్రమ తగ్గినది గాని జాగరూకత తగ్గలేదు. క్రిందికి వచ్చిన బండి ఉత్తర సింహాచలము దాటి రేవునకు చేరగానే, అచ్చట వ్యాగను టిప్లరు అను యంత్రము దానికొరకు కాచుకొనియుండును. నిండు వ్యాగనును ఇనుపపంజరమువంటి చట్టములోనికి త్రోసి, పైనుండి కొక్కెములు దానిని గట్టిగా పట్టుకొనగా, చట్టము పట్టాలతోకూడ గిఱ్ఱున తిరిగి వ్యాగనును బోర్లించును. పెద్ద ఉఱుమువంటి చప్పుడుతో ఖనిజము అడుగుననున్న గోతిలో కూలును. ఎఱ్ఱని దుమ్ము మేఘమువలె లేచును. చట్టము యథాస్థితికి రాగా ఖాళీ వ్యాగను బయటికి దొర్లి, దానివెనుక మరియొకటి లోనికి వచ్చును. గోతిలోని ఖనిజము రబ్బరుపట్టీలమీద గుట్టలకును, గుట్టలనుండి ఓడపైకిని పోవును. మొదట లోపలిరేవునందు జరిగిన ఈ పని, ఓడలు పెద్దవైనకొలది వాని కా ఇరుకుకాలువ చాలక, 1976లో వెలుపలిరేవు కట్టినపిమ్మట అచ్చటికి మారినది. మనుష్యుని చేయి తగులకుండ ఒక కొండ ఇట్లు మెల్లమెల్లగా జపానునకు తరలిపోవుచుండెను.

కె.కె. లైనుపై ఖనిజము దిగనారంభించిన కాలమునకును, విశాఖ ఉక్కు ఉద్యమమునకును గల సామీప్యము యాదృచ్ఛికమని నేను నమ్మను. 1965లో ఆంగ్ల అమెరికను నిపుణుల బృందము అయిదవ ఉక్కుకర్మాగారమునకు విశాఖపట్టణము యోగ్యమైన స్థలమని అభిప్రాయపడినది. రేవు కలదు, రైలు కలదు, ఖనిజము ఇంటిముంగిటనుండి దినదినము పోవుచున్నది. అయినను కేంద్రము వెనుకాడెను. 1966 అక్టోబరు 15న టి. అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చుండెను. తెన్నేటి విశ్వనాథము మున్నగు పెద్దలు ఉద్యమమునకు నాయకులైరి. విద్యార్థులు పాఠశాలలు విడిచి వీథులలోనికి వచ్చిరి. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అను నినాదము రాష్ట్రమంతట మ్రోగెను. నవంబరు 1న, రాష్ట్రావతరణదినమున, విశాఖలో పోలీసులు కాల్పులు జరిపిరి. ఆ యుద్యమమున రాష్ట్రము మొత్తముమీద ముప్పదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో చదువుకొనుచున్న పిల్లలును కలరు. ఒక కర్మాగారము కావలెనని ఇంతమంది రక్తము చిందించిన సందర్భములు ఏ దేశచరిత్రయందైన అరుదు. ఆ తరమువారు కోరినది ఉద్యోగములు మాత్రమే కాదు. తమ యెదుటనుండి పోవుచున్న మన్ను తమ చేతులలో ఉక్కు కావలెనని కోరిరి.

1970 ఏప్రిలు 17న ఇందిరాగాంధి పార్లమెంటులో కర్మాగారమును ప్రకటించిరి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. పునాదిరాయి మీద ఎనిమిదేండ్లు గడ్డి మొలచిన తరువాత, 1979లో సోవియటు దేశముతో ఒడంబడిక, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ స్థాపన జరిగి పని ఊపందుకొనెను. ఆ కర్మాగారమునకును ఉక్కునగరమునకును గాజువాక దువ్వాడ ప్రాంతమందలి అనేకగ్రామముల రైతులు పొలములను, ఇండ్లను, గ్రామదేవతల గుళ్ళను ఇచ్చివేసిరి. నిర్వాసితులకు ఉద్యోగమిత్తుమని ఆర్-కార్డులు ఇచ్చిరి. ఆ కార్డును పట్టుకొని ఎదురుచూచుచు వయసుడిగినవారు నేటికిని గాజువాక పేటలలో కలరు. ఉద్యమమున మరణించినవారిని స్మరించునపుడు వీరిని మరచుట న్యాయము కాదు.

1990లో మొదటి కొలిమి వెలిగినది. 3,200 ఘనపు మీటర్ల పరిమాణముగల ఆ బ్లాస్టు ఫర్నేసునకు గోదావరి యని పేరిడిరి. రెండవది కృష్ణ, మూడవది అన్నపూర్ణ. కోకును నీటితో చల్లార్చుటకు మారుగా జడవాయువుతో చల్లార్చి, ఆ వేడినుండి ఆవిరిని, విద్యుత్తును తీయు పద్ధతి మన దేశమున ఇంత పెద్దయెత్తున ఇచ్చట మొదలైనది. 1992 ఆగస్టు 1న ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. సముద్రతీరమున కట్టిన మొదటి సమగ్ర ఉక్కు కర్మాగారము మన దేశములో ఇదియే. దువ్వాడ స్టేషనులో నిలిచి చూచినచో దక్షిణమువైపున పొగగొట్టములు బారులుతీరి కనబడును; అచ్చట చీలిన పట్టాలమీద ఖనిజము లోనికి పోయి, కడ్డీలు, తీగెచుట్టలు, దూలములు బయటికి వచ్చుచుండును. దంతపు కంసాలుల కాలము తరువాత మరల ఈ ఊరిలోనికి ముడిసరకు వచ్చి వస్తువై పోవుట ఇంత విస్తారముగా జరిగినది అప్పుడే.

అయితే ఆ కర్మాగారమునకు తనదైన ఇనుపగని యొక్కటియు లేదు. ఇతర ప్రభుత్వ ఉక్కు కర్మాగారములకు గనులు కలవు. విశాఖ మాత్రము బైలదిల్లా ఖనిజమును అంగడివెలకు కొని, రైలుకూలి పెట్టుకొని తెచ్చుకొనవలసినదే. ఖనిజపు వెల పెరిగిన యేండ్లలో నష్టములు పెరుగుటకు ఇది ముఖ్యహేతువులలో నొకటి. గని యియ్యకుండ నష్టము వచ్చినదని నిందించుట ధర్మము కాదని కార్మికులు ఎన్నియేండ్లుగనో మొఱపెట్టుచున్నారు. వారి మాటలో సత్యము కలదని నేనును భావించుచున్నాను. 2021 జనవరిలో కేంద్రమంత్రివర్గము కర్మాగారమును పూర్తిగా ప్రైవేటువారికి విక్రయించుటకు సూత్రప్రాయముగా అంగీకరింపగా, కూర్మన్నపాలెము కూడలిలో దీక్షాశిబిరము వెలసినది. యాబదియైదేండ్లనాటి నినాదము మరల గోడలమీదికి వచ్చినది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయమును కేంద్రము ప్రకటించినది. గని మాట అందులో లేదు.

ఆ నెలలోనే విశాఖపట్టణము కేంద్రముగా దక్షిణతీర రైల్వే జోను కార్యాలయమునకు శంకుస్థాపన జరిగినది. 2019లో ప్రకటించిన జోను అది. మద్రాసు, కలకత్తా, భువనేశ్వరములనుండి ఏలబడుచు వచ్చిన పొలిమేర స్టేషను ఒక రాజధాని కానున్నది. ఆ మేరకు ఉత్తరాంధ్రుల చిరకాలపు కోరిక తీరినట్లే. కాని 2025 ఫిబ్రవరిలో కేంద్రమంత్రివర్గము ఆమోదించిన పంపకమునుబట్టి, పాత వాల్తేరు డివిజను రెండుగా చీలుచున్నది. సుమారు 410 కిలోమీటర్ల దారి విశాఖపట్టణము డివిజనను క్రొత్త పేరుతో జోనులో నిలువగా, సుమారు 680 కిలోమీటర్లు తూర్పుతీర రైల్వేలోనే యుండి, రాయగడ కేంద్రముగా వేరొక డివిజను కానున్నది. కొత్తవలసనుండి బచేలి వరకుగల దారి, అనగా కె.కె. లైను దాదాపు సంపూర్ణముగా, ఆ రెండవ పాలికి పోవును. సరుకు రాబడిలో సింహభాగము తెచ్చు దారి యది. దానికొరకు షెడ్డు కట్టినది, ఘాటులో బండి దింపు నేర్పును తండ్రినుండి కొడుకునకు అందించినది వాల్తేరు సిబ్బంది. ఈ పంపకమును నేను నగరమునకు నష్టముగనే యెంచుచున్నాను. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ కొలుములకు కావలసిన ఖనిజము మాత్రము ఆ పట్టాలమీదుగనే, ఆ సొరంగములలోనుండియే, బైలదిల్లానుండి కొత్తవలసకు దిగివచ్చుచున్నది.